బండల దారి

కర్నూలు నుంచి ప్రొద్దుటూరికి పోవాలంటే నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు దాకా నాలుగు వరసల రోడ్డు ఉంది. ఎక్కడా ఆగే పని లేకుండా మధ్యాహ్నం భోజనానికి చేరిపోవచ్చు. మా చిన్నాయనకు ఆ రోడ్డంటే చిరాకు. "ఊళ్లు తగలని తోవ ఏం తోవరా?" అంటాడు. ఆయన బతుకంతా బండల లారీ తోలినవాడు. బేతంచెర్లలోనో, కొలిమిగుండ్లలోనో, తాడిపత్రిలోనో సరుకెత్తుకుని హైదరాబాదు, పుణె, బొంబాయిల్లో దింపి వచ్చేవాడు. కళ్లు మసకబారి స్టీరింగు వదిలేశాక కూడా ఆ దారిలో ఏ మలుపు ఎక్కడ, ఏ హోటల్లో పప్పు బాగుంటుంది అన్నది ఆయనకు కంఠతా.

2023 సంక్రాంతి వెళ్లిన తరవాత, మా అన్న కూతురి పెళ్లి నగల కోసం ప్రొద్దుటూరు పోవాల్సి వచ్చింది. బంగారం కొనాలంటే మా ఇళ్లలో ఇంకో ఊరి మాట ఎత్తరు. నేను, మా ఆవిడ, ముందు సీట్లో చిన్నాయన. మా ఆవిడది అవనిగడ్డ వైపు. కాలవ గట్లు, వరి చేలు, కొబ్బరి చెట్లు చూసి పెరిగిన మనిషి. రాయలసీమ కోడలై ఇన్నేళ్లయినా "చూడ్డానికేముంటుందండీ మీ వైపు, రాళ్లు తప్ప!" అనే మాట ఇంకా మానలేదు. "రాళ్లే చూపిస్తా పదమ్మా" అన్నాడు చిన్నాయన.

ఓర్వకల్లు దగ్గరే మొదలయ్యాయి. రోడ్డు పక్కన ఎవరో పేర్చి పోయారేమో అనిపించే రాళ్ల గుట్టలు, మధ్యలో చిన్న చిన్న నీటి మడుగులు. పర్యాటక శాఖ వాళ్లు దానికి రాక్ గార్డెన్ అని పేరు పెట్టి టిక్కెట్టు అమ్ముతున్నారు. మేం లోపలికి పోలేదు. "ఇవి ఊరికే నిలబడిన రాళ్లు. పనికొచ్చే రాళ్లు ముందున్నాయి" అని చిన్నాయన తీర్పు. హైవే వదిలి కుడివైపు బేతంచెర్ల రోడ్డు పట్టాక ఆ మాటకు అర్థం తెలిసింది.

ఊరు ఇంకా రాకముందే రెండు పక్కలా పాలిష్ ఫ్యాక్టరీలు. ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు, రేకుల షెడ్డు కింద నాలుగు మిషన్లు. రాయి మీద నీళ్లు పోస్తూ అరగదీసే మిషను మోత మాట వినపడనివ్వదు. అరిగిన రాయి నీళ్లలో కలిసి తెల్లటి బురదై పోతుంది. ఆ బురదను ట్రాక్టర్లకెత్తి రోడ్డు పక్క, వంకల్లో, బీడుల్లో పోసేస్తారు. ఎండితే పొడి, గాలి వీస్తే దుమ్ము. ఒక చోట వంక వంకంతా తెల్లగా ఉంటే మా ఆవిడ అద్దం దించి "అయ్యో, పాలు ఒలకబోసినట్టుందేమండీ" అంది. ఆ వంక పక్కన వేపచెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉన్నాయి. అందమైన దారి గురించి రాస్తూ దీన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. బండ మీద బతికే ఊరు ఆ బండ పొడినే పీలుస్తోంది. మిషను దగ్గర పని చేసేవాళ్లలో మూతికి తువాలు చుట్టుకున్నవాళ్లు కొందరు, అదీ లేనివాళ్లు ఎక్కువ.

ఊరు దాటాక చిన్నాయన ఎరిగిన ఒక గని దగ్గర ఆగాం. పైన మూడు నాలుగు అడుగుల మన్ను తీసేస్తే కింద నాపరాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంది, ఎవరో అంతస్తులు కట్టి పెట్టినంత వరసగా. వెనకట అంతా ఉలీ సుత్తీ పనే. ఇప్పుడు పట్టాల మీద నడిచే కోత మిషను వచ్చి నిలువుగా, అడ్డంగా గాట్లు పెట్టి పోతుంది. అయినా పొర లేపడానికి మాత్రం మనిషి కావాల్సిందే. ఇద్దరు మనుషులు పొర సందున ఉలులు వరసగా దిగేసి, ఒకదాని తరవాత ఒకదాన్ని మెల్లగా కొట్టుకుంటూ పోయారు. ఒకే ఉలి మీద బలం చూపిస్తే బండ పగులుతుంది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి లోపల ఎక్కడో సన్నగా చిట్‌మంది. అప్పుడు గడ్డపార పెట్టి ఎత్తారు. రెండు అంగుళాల మందం, నాలుగడుగుల పొడవు, అద్దంలా చదునైన బండ. అందులో ఒకతను సుత్తి వెనక్కి తిప్పి దాని మీద నాలుగు చోట్ల కొట్టి చెవి ఒగ్గాడు. మూడు చోట్ల గల్లుమంది. నాలుగో చోట మొద్దుగా పలికింది. "ఈడ లోపల బీట ఉంది సామీ. మూల కోసేయల్ల" అని సున్నపు ముక్కతో గీత గీశాడు. నా కంటికి ఆ మూలకూ మిగతా మూలలకూ తేడా కనపడలేదు.

లారీలో బండలు పడుకోబెట్టరు, నిలబెడతారు. మధ్య మధ్య వరిగడ్డి దూరుస్తారు. "పండేస్తే గుంతలో పడ్డప్పుడు నడుం విరుగుతాది. నిలబెడితే బొంబాయి దాకా నిక్షేపంగా పోతాది" అని చిన్నాయన మా ఆవిడకు చెప్పాడు. బొంబాయి, పుణె వంటిళ్లలో పొయ్యి గట్టుకు వేసే నల్లబండను అక్కడివాళ్లు కడప్పా అనే అడుగుతారు. ఎక్కడో చపాతీ పిండి కలుపుకునే ఇల్లాలికి కడప ఒక ఊరని తెలియకపోవచ్చు. ఆ బండను అక్కడికి మోసినవాళ్లలో మా చిన్నాయన ఒకడు.

ఈ రాళ్ల కథ చదివింది నేను చాలా తరవాత. విలియం కింగ్ అనే దొర, భూగర్భ సర్వే శాఖవాడు, ఈ కడప కర్నూలు శిలలన్నీ తిరిగి చూసి 1872లో పుస్తకం వేశాడు. ఏ పొర ఎక్కడ బాగా కనపడితే దానికి ఆ ఊరి పేరు. అందుకే భూగర్భ శాస్త్రంలో బనగానపల్లె ఒక పొర, అవుకు ఒక పొర, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల తలా ఒక పొర. మన ఇళ్లలో పరిచే నాపరాయి నార్జి పొర, అదీ జమ్మలమడుగు వైపు ఒక పల్లె పేరే. ఇవన్నీ యాభై కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. తాడిపత్రి, గండికోట పొరలు వాటికి తాతలు, అందులో తాడిపత్రి పొర నూట ఎనభై కోట్ల ఏళ్లు దాటినది. అంటే ఈ బస్సు బోర్డుల మీద ఉండే పేర్లన్నీ ప్రపంచంలో ఏ మూల భూగర్భ శాస్త్రం చదివేవాడి నోట్లోనైనా నలుగుతాయి. ఈ ఊళ్ల బడుల్లో ఆ ముక్క పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా అని నాకు అనుమానం.

బనగానపల్లెలో టిఫిన్ చేశాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగుల్లో పుట్నాల పొడి పడితే తప్ప ఉగ్గాని కాదని మా చిన్నాయన సిద్ధాంతం, అక్కడివాళ్లు ఆ లెక్క తప్పలేదు. మామిడి తోటలు పూతకు వస్తున్నాయి. ఈ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఈ ఊరు 1948 దాకా నవాబుల సంస్థానం. ఊరి బయట నవాబు బంగళా ఉంది, కానీ ఎవరినన్నా నవాబు బంగళా ఏదని అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తారు. అరుంధతి కోట అంటే వెంటనే చెయ్యి చూపిస్తారు. 2009లో వచ్చిన ఆ సినిమా నవాబుల పేరును మింగేసింది. మేం కారు దిగి దూరం నుంచే చూశాం. ఎదురుగా ఒక కుర్రాడు స్నేహితుడి ఫోనుకు ఆ సినిమాలోలా బొమ్మాళీ అని అరుస్తూ ఫోజులిస్తున్నాడు.

యాగంటి అక్కడికి పది పన్నెండు కిలోమీటర్లు. ఎర్రటి కొండ కొసల నడుమ గుడి, కోనేరు, కొండలో సహజంగా ఏర్పడిన గుహలు. శివుడు ఇక్కడ లింగం కాదు, ఉమామహేశ్వర రూపంలో విగ్రహం. నంది పెరుగుతోందని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు స్తంభం అడ్డం వచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. ఇక్కడ కాకులు ఉండవని, దానికి అగస్త్యుడి శాపం కారణమని అంటారు. నేను వాదించను. నిజంగానే ఆ పూట నాకు ఒక్క కాకి కనపడలేదు, కోతులు మాత్రం మా ఆవిడ చేతిలో కొబ్బరిచిప్పను దక్కనివ్వలేదు. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండలో కాలజ్ఞానం రాశాడని ఈ వైపు పసిపిల్లవాణ్ని అడిగినా చెబుతాడు.

అవుకు దాటి కొలిమిగుండ్ల వైపు తిరిగాక మా ఆవిడ మాట్లాడడం తగ్గించి చూడడం పెట్టుకుంది. ఒక పక్క నల్లరేగడిలో పప్పుశనగ, ఇంకో పక్క కోతకొచ్చిన జొన్న. చేను చుట్టూ ముళ్లకంప బదులు నిలువుగా పాతిన బండలు. ఊళ్లోకి వస్తే గోడలు బండలు, కప్పు బండలు, అరుగులు బండలు. టీ కొట్టు ముందు కూర్చునే బల్ల బండ. ఒక ఇంటి ముందు పశువుల కుడితి తొట్టి చూసి కారు ఆపమంది. నాలుగు బండలు నిలబెట్టి, కింద ఒకటి వేసి, మూలలు సిమెంటుతో మెత్తారు, అంతే. ఆ ఇంటి అవ్వ బయటికి వచ్చి "ఎవరు కావల్లమ్మా?" అంది. "ఎవరూ వద్దండీ, ఈ తొట్టి చూస్తున్నా" అంటే ఆమెకు మా ఆవిడ మీద జాలి కలిగినట్టుంది, లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చింది.

లోపల ఇంకా పాత మట్టి మిద్దె. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలు, వాటి మీద చౌడుమన్ను. ఏటా వానలకు ముందు కొత్త చౌడు ఎత్తి పోస్తే చుక్క కారదు. నడిమింట్లో నెత్తిన గవాచి, పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు నేల మీద గుండ్రంగా వెలుగు పడేది అందులోంచే. బయట నిప్పులు చెరిగే మే నెలలో కూడా ఆ నేల మీద ఉత్త వీపుతో పడుకోవచ్చు. ఆ ఇంటి పక్కనే అవ్వ కొడుకు కొత్త ఇల్లు కడుతున్నాడు. స్లాబు వేసేశారు. వరండాలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మా చిన్నాయన వంగి పెట్టె మీద రాత చూశాడు. గుజరాత్, మోర్బీ టైల్స్. ఆ ఇంటికి కూతవేటు దూరంలో బండల గని ఉంది. "ఏం నాయనా, మన బండలు ఏం పాపం చేసినాయి?" అని ఆ అబ్బాయిని అడిగాడు. "టైల్స్ మెరుస్తాయి కద పెద్దాయనా, అతుకు గూడ కనపడదు. పైగా బండ వేయను మేస్త్రీలు యాడున్నారు?" అన్నాడు అతను. చిన్నాయన తిరిగి మాట్లాడలేదు. కారెక్కాక, తాను దిగిపోయే నాటికే బొంబాయి లోడ్లు సగం పడిపోయాయని, ఆ దెబ్బ కొట్టింది ఈ పెట్టెలేనని చెప్పుకొచ్చాడు.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలోనే. నేల మీద నిలబడితే ఏమీ కనపడదు, చదునైన బీడు. బావి లాంటి గుంతలోకి మెట్లు దిగితే లోపల 3,229 మీటర్ల గుహలు, చూడనిచ్చేది అందులో సుమారు కిలోమీటరున్నర. నీళ్లు సున్నపురాతిని తొలుచుకుంటూ పోగా ఏర్పడినవి. కోటిలింగాలు, వేయి పడగలు, తడితే సరిగమలు పలికే రాళ్లు, అన్నిటికంటే లోతున పాతాళగంగ. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని నమోదు చేశాడు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో తవ్వించిందీ ఆయనే. తరవాత దాదాపు వందేళ్లు బెలుంను పట్టించుకున్నవాడు లేడు. 1980ల మొదట్లో గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపల పాకుతూ కొలిచాడు. 2002 నుంచి జనాన్ని రానిస్తున్నారు. అంతకు ముందు చుట్టుపక్కల ఊళ్లకు అది చెత్త పారేసే గుంత. చిన్నాయన మెట్ల దగ్గరే ఆగిపోయాడు, మోకాళ్ల నొప్పి. మేం చెమటతో తడిసి పైకి వచ్చేసరికి టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుని సెక్యూరిటీ అతనికి తన లారీ రోజులు చెబుతున్నాడు: "ఎన్నిసార్లు పోయింటాను ఈ పక్కన! కింద ఇంత ఉందని ఎవడు కలగన్నాడు?"

రాత్రికి తాడిపత్రి. లాడ్జీ గురించి చెప్పకపోవడమే మంచిది. పొద్దున్నే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోయాం. లోపల లింగం దగ్గర ఎప్పుడూ నీటి ఊట. అయితే నన్ను కదలనివ్వనివి గోపురాలు. పై అంతస్తులు లేవు. మామూలుగా గోపురానికి కింది రాతి భాగం సాదాగా ఉండి, పైన సున్నం బొమ్మలు ఉంటాయి. ఇక్కడ కింది భాగమే నేల నుంచి మొదలుపెట్టి వేలు పెట్టే సందు లేకుండా చెక్కేశారు. ద్వారం పక్కన మొసలి మీద నిలబడ్డ నదీ దేవత, ఆమె కాళ్ల దగ్గర మొదలైన తీగ మెలికలు తిరుగుతూ గుమ్మం పైదాకా పోతుంది. ఆ మెలికల మధ్య రాయి వెనక చీకటి కనపడేంత లోతుగా తొలిచారు. ఫెర్గూసన్ అనే స్కాట్లండు దొర 1876లో వేసిన భారతీయ వాస్తు చరిత్రలో ఈ గోపురాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. మేం ఉన్నంతసేపూ మా ముగ్గురికి తోడు పూజారి, ఒక కుక్క. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణ స్వామి గుడి ఇంకా పెద్దది, అక్కడ హంపీలో ఉన్నట్టే గరుత్మంతుడికి రాతి రథం. ఈ రెండూ విజయనగర రాజుల కింద ఉన్న పెమ్మసాని నాయకుల నాటివి. హంపీకి విమానాలెక్కి వచ్చేవాళ్లు తాడిపత్రి పేరు కూడా విని ఉండరు. ఆ తప్పు వాళ్లది కాదు. ఈ ఊరి పేరు చెప్పగానే మన పత్రికలకు రాజకీయం తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు.

ముద్దనూరు దారిలో గండికోట జలాశయం ముంపు ఊళ్లవాళ్ల కాలనీలు తగిలాయి. జలాశయం నిండితే 26.85 టీఎంసీలు. ఆ ముంపు ఊళ్లలో ఒకటైన తాళ్లపొద్దుటూరులోకి 2020లో నీళ్లు వచ్చాయి. కొత్త ఇళ్ల ముందు పాత బండల కట్టలు ఆనించి పెట్టుకున్నారు. ఇల్లు మునిగినా బండలు మోసుకొచ్చారు. చిన్నాయన ఇక్కడ మాత్రం టైల్స్ ప్రసక్తి తేలేదు.

గండికోటకు జమ్మలమడుగు నుంచి పోవాలి. ఫొటోల్లో అందరూ చూసిన చోటే: పెన్న కొండను నిలువునా కోసుకుని పోయిన లోయ, రెండు వైపులా ఎర్రటి రాతి దిమ్మెలు ఒకదాని మీద ఒకటి. ఎవరూ చెప్పనిది ఏమిటంటే కోట లోపల ఇప్పటికీ ఊరుంది. మాధవరాయ స్వామి గుడికీ జుమ్మా మసీదుకూ నడుమ మేకలు మేస్తుంటాయి. గోల్కొండ సేనాధిపతి మీర్ జుమ్లా ఈ కోటను పట్టాక 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు ఇక్కడికి వచ్చి ఆయన్ని కలిశాడు. లోయ అంచున కంచె లేదు. మేం వెళ్లిన పూట కాలేజీ పిల్లలు కొసన నిలబడి వెనక్కి వంగి మరీ సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా ఆవిడ ఒక పిల్లను రెక్క పట్టి వెనక్కి లాగింది. ఆ పిల్ల "ఏం కాదాంటీ" అని నవ్వింది. చాలాసేపు ఆ రాళ్ల మీద కూర్చున్నాక మా ఆవిడ నన్ను కాదు, చిన్నాయన్ను ఉద్దేశించి "మామయ్య గారూ, మా వైపు ఇలాంటిది లేదండీ" అంది. ఆయన మీసం దువ్వుకోలేదు గాని, అంత పనీ చేసినట్టే కూర్చున్నాడు.

ప్రొద్దుటూరు చేరేసరికి బంగారం కొట్లలో లైట్లు వేశారు. ముందు కారం దోసె తిన్నాం. ఎర్రకారం, పైన పప్పులపొడి. బేరం తెమిలేసరికి రాత్రయింది. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసింది ఈ ఊరి అగస్త్యేశ్వరాలయంలోనే కదా, చూసి పోదామంటే అప్పటికే తలుపులు వేసేశారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ దారిన పోవచ్చు. బేతంచెర్ల, బనగానపల్లె, తాడిపత్రి, జమ్మలమడుగు అన్నిటికీ ఆర్టీసీ బస్సులున్నాయి, కారే అక్కర్లేదు. బెలుంకు చొక్కా ఒకటి అదనంగా పెట్టుకోండి. గండికోట అంచున పిల్లల చెయ్యి వదలకండి. ఇల్లు కట్టుకునే ఆలోచన ఉంటే బేతంచెర్లలో ఒక అరగంట ఆగి, పాలిష్ పెట్టిన బండ మీద చెప్పులు విప్పి నిలబడి చూసి, ఆ తరవాతే టైల్స్ కొట్టుకు పోండి. మార్చి దాటాక మాత్రం రావద్దు, బండ కాలుతుంది. బనగానపల్లె మామిడి కావాలంటే ఆ ఎండ భరించక తప్పదు, కాయ దిగేది మే నెలలోనే.